కాలిఫోర్నియా నాలుగో విడత పన్ను డిసెంబర్‌లోనే కట్టేయొచ్చా?

రవి_ఫ్రీమాంట్:
అందరికీ నమస్కారం. కంపెనీ షేర్లు ఈ నవంబర్‌లో (2025) అమ్మాను, ఏడాది నిండకముందే. వాటిమీద రాష్ట్రానికి ఇంకా 9,000 డాలర్లు కట్టాలి. గడువు జనవరి 15. డిసెంబర్‌లోనే కడితే ఫెడరల్ పన్నులో కలిసొస్తుందని ఆఫీసులో అంటున్నారు. ఇద్దరం కలిపి ఫైల్ చేస్తాం, ఆదాయం మూడున్నర లక్షలు. జీతంలో పట్టుకున్న రాష్ట్ర పన్ను 14,000, ప్రాపర్టీ టాక్స్ 11,000, ఇంటి లోన్ వడ్డీ 16,000. తర్వాత ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) నుంచి ఉత్తరం రాదు కదా?

పద్మక్క_శాన్‌హోసే:
భయపడకు రవీ, ఇది చట్టంలో ఉన్నదే. రాష్ట్ర పన్ను ఏ తేదీన కట్టావన్నదే ఫెడరల్‌కి లెక్క. డిసెంబర్ 31 లోపు కడితే 2025లో, జనవరిలో కడితే 2026లో పడుతుంది.

రాష్ట్ర పన్ను, ప్రాపర్టీ టాక్స్ కలిపి ఫెడరల్ లెక్కలో ఆదాయంలోంచి తీసేసుకోగల పరిమితి నిరుటిదాకా 10,000 కాబట్టి మనవాళ్లు దీని జోలికే పోలేదు. 2025కి 40,000 చేశారు. నీది 14,000, 11,000, 9,000 కలిపి 34,000. వడ్డీతో 50,000. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండానే ఇచ్చే మినహాయింపు) 31,500 ఎలాగూ దాటావు. అంటే ఆ 9,000 మొత్తం పనికొస్తుంది, నీ 24 శాతం స్లాబులో 2,160 డాలర్లు. వచ్చే ఏడాది షేర్లు అమ్మకపోతే స్లాబు తగ్గి ఇంత రాకపోవచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: నిజంగా బాకీ పడేదే కట్టు. చోటుంది కదా అని 15,000 పంపి, ఏప్రిల్‌లో రీఫండ్ తెచ్చుకుందామంటే ఒప్పుకోరు.

ఎఫ్‌టీబీ (కాలిఫోర్నియా పన్ను శాఖ) సైట్‌లో వెబ్ పే తెరిచి ‘ఎస్టిమేటెడ్ టాక్స్’, సంవత్సరం 2025 ఎంచుకో. పొరపాటున 2026 నొక్కితే సొమ్ము ఆ ఏడాది ఖాతాకి పోతుంది. 31 రాత్రిదాకా ఆగకు, రసీదు దాచుకో.

శ్రీను_ఎడిసన్:
అక్క లెక్క సరైనదే. కానీ 2025 ఆదాయం 5 లక్షలు దాటినవాళ్లు తొందరపడొద్దు. పైన ప్రతి డాలరుకీ పరిమితిలో 30 సెంట్లు కోస్తారు, 6 లక్షలకల్లా మళ్లీ 10,000కే దిగుతుంది. ఏఎంటీ (కొన్ని మినహాయింపులు తీసేసి వేరుగా లెక్కగట్టే కనీస పన్ను) తగిలితే రాష్ట్ర పన్నుకి మినహాయింపే లేదు. మా పరిమితి అలా 10,000కి దిగిపోయింది, న్యూజెర్సీలో ప్రాపర్టీ టాక్స్‌తోనే అది నిండిపోతుంది, అందుకే నేను జనవరిలోనే కడతాను.

రవి_ఫ్రీమాంట్:
థాంక్స్ అక్కా. ఏప్రిల్ 10 గడువున్న ప్రాపర్టీ టాక్స్ రెండో విడత, 5,500 (పైన చెప్పిన 11,000లో లేదు), అదీ ఇప్పుడే కట్టనా?

పద్మక్క_శాన్‌హోసే:
కట్టొచ్చు. కౌంటీ బిల్లు ఈపాటికే వచ్చుంటుంది, రెండు విడతలూ అందులోనే ఉంటాయి. మొత్తం 39,500 అవుతుంది, ఇంకా పరిమితిలోనే ఉన్నావు. లోన్‌వాళ్లు ఎస్క్రోలోంచి (పన్నుకని నీ దగ్గర ముందే తీసుకుని ఉంచే ఖాతా) కడుతుంటే మాత్రం ముందు వాళ్లకి ఫోన్ చెయ్యి, లేకపోతే అదే బిల్లు మళ్లీ కట్టేస్తారు.