ముంచింగిపుట్టు వైపు కొండ ఊళ్లలో పోషకాహార ప్రాజెక్టు: మొదటి ఏడాది డబ్బు దేని మీద పెట్టాలి?

కొత్తబాట:
అందరికీ నమస్కారం. అల్లూరి జిల్లా ముంచింగిపుట్టు మండలంలో కొన్ని ఊళ్లకు ఆహార, పోషకాహార ప్రాజెక్టు పని నాకు అప్పజెప్పారు. ప్లాన్‌లో చిరుధాన్యాల విత్తనాల పంపిణీ, పెరటి తోటలు, తల్లులకు అవగాహన సమావేశాలు ఉన్నాయి. ఊళ్లు తిరిగి చూస్తే సామలు పండించేవాళ్ల ఇళ్లలోనే పిల్లలు రేషన్ డిపో బియ్యం అన్నం, పల్చటి చారు తింటున్నారు. పండిన సామలేమో సంతకు పోతున్నాయి. ఇంకా విత్తనాలు పంచితే సంతకు పోయే బస్తాలు పెరుగుతాయేమో గానీ పిల్లల కంచంలో ఏం మారుతుందో అర్థం కావడం లేదు. ఏజెన్సీలో పనిచేసినవాళ్లు చెప్పండి.

గెడ్డఒడ్డు:
బాబూ, నీ అనుమానం సరైనదే. పాడేరు ఏజెన్సీ ఊళ్లలో వ్యవసాయం పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ముందు సామల పొట్టు తీసే మర పెట్టించు, విత్తనాల సంగతి తర్వాత.

సామలు ఇంట్లో ఎందుకు వండటం లేదో మగవాళ్లను కాదు, ఆడవాళ్లను అడుగు. రుచికేం లోటు లేదు. సామగింజకు గట్టి పొట్టు ఉంటుంది. రోట్లో పోసి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి, మళ్లీ చెరగాలి. పొద్దున్నే గెడ్డ నుంచి నీళ్లు మోసి, పోడుకు పోయి, కట్టెల మోపుతో ఇంటికొచ్చిన మనిషి మళ్లీ రోకలి పట్టాలంటే ఒళ్లు సహకరించొద్దూ? డిపో బియ్యమైతే కడిగి ఎసట్లో పోస్తే అయిపోతుంది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, మరీ బీదవాళ్లకిచ్చే అంత్యోదయ కార్డుకు ఇంటికి 35 కిలోలు. ఆ బియ్యమే వానాకాలంలో చాలా ఇళ్లను నిలబెడుతోంది, దాన్ని తప్పుపట్టకు. దాని పక్కన పప్పు, ఆకుకూర లేకపోవడమే అసలు కష్టం.

మర పెద్దది వద్దు, సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడిచేది చాలు. నడిపేది ఆడవాళ్ల సంఘమే అయ్యుండాలి. మరతో పాటు టార్పాలిన్లు కూడా కొను, ఇది మర్చిపోకు. మట్టి కళ్లంలో నూర్చిన సామల్లో సన్నరాళ్లు కలుస్తాయి. అవి మరనూ పాడు చేస్తాయి, అన్నంలో పంటికిందా పడతాయి. ఒకసారి రాయి తగిలితే పిల్లాడు ఆ అన్నం జోలికి మళ్లీ రాడు. ఇంకో సంగతి, తవుడు పోకుండా ఆడించిన సామబియ్యం ఎక్కువ రోజులు ఆగదు, ముక్కవాసన వస్తుంది. కాబట్టి బస్తా మొత్తం ఒకేసారి ఆడించకుండా ఇంటికి కావలసినంత, కావలసినప్పుడు ఆడించుకోమనండి.

ఇక ఆకలి నెలలు. వానలు మొదలై, కొత్త పంట చేతికొచ్చి కొత్త పండగ చేసుకునే దాకా ఇంట్లో ఏముందో ఇల్లిల్లూ తిరిగి చూడు. కొందరు మామిడి టెంకల పిండితో జావ కాచుకుంటారు. 2024లో ఒడిశా కందమాల్ జిల్లాలో ఆ జావ తాగి మనుషులు చనిపోయారు. టెంక సరిగ్గా ఎండక బూజు పడితే విషమే. నీ ప్రాజెక్టు ఏ నెలల్లో ఊళ్లో కనిపించాలో దీన్నిబట్టి తెలుసుకో.

చోడిఅంబలి:
మాది పెదబయలు వైపు. అంగన్‌వాడీలో చేస్తున్నాను. గెడ్డఒడ్డు అమ్మ చెప్పినదంతా నిజం. ఒకటి కలుపుతాను అన్నా. చోళ్లకు, అంటే రాగులకు, ఆ పొట్టు బాధ లేదు, కడిగి ఆరబెట్టి పిండి పట్టిస్తే చాలు. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు మొలకగట్టిన చోడిపిండి జావ పెట్టించండి. మామూలు పిండి జావ తొందరగా చిక్కబడుతుంది, అందుకని తల్లులు నీళ్లు పోసి పల్చన చేస్తారు, బిడ్డ పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. మొలకల పిండి ఎక్కువ వేసినా జావ జారుగానే ఉంటుంది, బలం బిడ్డకు అందుతుంది.

సమావేశం పెట్టి బొమ్మలు చూపిస్తే ఎవరికీ గుర్తుండదు. ఒక ఇంటి పొయ్యి మీద వండి చూపించండి, అక్కడే పిల్లలకు తినిపించండి. సంత రోజున మాత్రం పెట్టకండి, ఊళ్లో ఎవరూ ఉండరు. తల్లి పోడుకు పోతే బిడ్డకు పెట్టేది ముసలమ్మే కదా, ఆమెను తప్పకుండా పిలవండి. జబ్బ చుట్టుకొలత చూసే టేపు 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ చూపించిందంటే బిడ్డ బాగా చిక్కిపోయినట్టు, ఆ బిడ్డను జావతో సరిపెట్టకుండా ఆ రోజే ఆసుపత్రికి పంపండి.

కొత్తబాట:
చాలా థాంక్స్ అమ్మా, అక్కా. ఒక సందేహం. సంతలో సామలకు ధర పలుకుతుంటే అమ్మొద్దని ఏ ముఖంతో చెప్పను?

గెడ్డఒడ్డు:
అమ్మొద్దని చెప్పకు. వాళ్ల పంట, వాళ్ల ఇష్టం. కోత కాగానే ఎందుకు అమ్ముతున్నారో కనుక్కో. ఆకలి నెలల్లో షావుకారు దగ్గర అప్పు తెచ్చుకుంటారు, కోతకు గింజల రూపంలో తీర్చేస్తారు. ధర ఎంత పలికినా ఆ బస్తా వాళ్ల చేతిలో ఉండదు. మర దగ్గరే ధాన్యం బ్యాంకు పెట్టండి. మొదటి ఏడాది ప్రాజెక్టు డబ్బుతో సామలు, చోళ్లు, కందులు కొని నిల్వ చేసి, వానల్లో సంఘం ద్వారా అప్పివ్వండి. కోతయ్యాక గింజలే తిరిగి కట్టాలి, కాస్త కలిపి. ఎంత కలపాలో సంఘమే తేల్చుకోవాలి, నువ్వు చెప్పకు. పంట పోయినవాళ్లకు మరుసటి కోత దాకా గడువివ్వాలని ముందే రాసుకోండి. ఆ మాట రాసుకోకపోతే బీదవాళ్లే మొదట బయటికి పోతారు. గింజల బస్తాలు గది నేలకు ఆనకుండా కింద చెక్కలు వేయించు, ఏజెన్సీ చెమ్మకు కందులకు పురుగు తొందరగా పడుతుంది.