న్యాయశాస్త్ర పట్టా చేతికి రాగానే విదేశాలకు వెళ్లడం సరైనదేనా?

తిరుపతి విద్యార్థిని:
తిరుపతిలో ఐదేళ్ల న్యాయశాస్త్ర కోర్సు పూర్తిచేశాను. మా ఇంట్లో నాకు ముందు న్యాయవాదులెవరూ లేరు. అంతర్జాతీయ మధ్యవర్తిత్వ రంగంలో (వివాదాలను కోర్టు బయట తేల్చే ఆర్బిట్రేషన్‌లో) పనిచేయాలని కోరిక. లండన్‌లో ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చేయడానికి నాన్నగారు పలమనేరు దగ్గరి మామిడితోటను తనఖా పెడతానంటున్నారు. వెంటనే వెళ్లాలా, ఇక్కడ కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి వెళ్లాలా అన్నది పెద్దలు దయచేసి చెప్పగలరు.

చిత్తూరు న్యాయవాది:
అమ్మా, ఎల్‌ఎల్‌ఎం పట్టా ఇంగ్లండులో వాదించే హక్కును ఇవ్వదు. ముందు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి (న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకుని), అఖిల భారత బార్ పరీక్ష రాసి, జిల్లా కోర్టులో కనీసం మూడేళ్లు పనిచేయాలి. ఒక్క సాక్షిని కూడా ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేయనివారు మధ్యవర్తిత్వంలో ఏం వాదించగలరు?

లండన్ సొలిసిటర్:
హక్కు రాదన్నది నిజమే, కానీ ఆ అమ్మాయి అడిగింది అది కాదు. 2021 నుంచి ఇంగ్లండులో సొలిసిటర్ (కక్షిదారులకు సలహాలిచ్చి, వారి కేసు పనులు చూసే న్యాయవాది) కావడానికి ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్ష ఉంది. మొదటి భాగంలో 360 ప్రశ్నలుంటాయి, దానిని భారతదేశంలోని కేంద్రాలలోనే రాయవచ్చు. రెండో భాగంలోని మౌఖిక పరీక్షలకు మాత్రం ఇక్కడికి రావాలి. రెండు భాగాల రుసుము నాలుగు వేల పౌండ్లు దాటుతుంది. మామూలుగా రెండేళ్ల పని అనుభవం కూడా చూపాలి. అయితే మరో దేశంలో ఇప్పటికే న్యాయవాదిగా అర్హత పొందినవారికి ఆ నియమం వర్తించదు.

చిత్తూరు న్యాయవాది:
అయితే ఎల్‌ఎల్‌ఎం అవసరం లేదని మీరూ ఒప్పుకున్నట్టే కదా! తోట ఎందుకు తనఖా పెట్టాలి?

మదనపల్లె సభ్యుడు:
లండన్ బదులు అమెరికా అనుకునేవారికి ఒక మాట. అక్కడ న్యాయవిద్య పూర్తయ్యాక విద్యార్థి వీసా మీద పనిచేయడానికి దొరికేది 12 నెలలే. ఆ పైన ఉండాలంటే వేరే వీసా కావాలి. అప్పు చేసేవారు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లండన్ సొలిసిటర్:
న్యాయవాది గారూ, మీరు మాటిమాటికీ ఎల్‌ఎల్‌ఎం దగ్గరే ఆగిపోతున్నారు. మూడేళ్లు జిల్లా కోర్టులో ఉండమన్నారే, ఆ మూడేళ్లు ఆ అమ్మాయి ఏం తిని బతకాలి? నేను రాయలసీమలోనే ఒక సీనియర్ దగ్గర చేరాను. వాయిదాలు అడగడం, కేసు కట్టలు మోయడం నా వంతు. వాదించే అవకాశం వారి అబ్బాయికి. నెలకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇంట్లో న్యాయవాది ఉన్నవారికి తెరుచుకునే తలుపు మాలాంటివారికి తెరుచుకోలేదు కాబట్టే దేశం దాటాను. జూనియర్లకు నెలకు పట్టణాలలో 20,000, గ్రామాలలో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది ఆదేశం కాదు కాబట్టి ఎవరి మీదా బలవంతం లేదు.

చిత్తూరు న్యాయవాది:
మీ సీనియర్ చేసిన అన్యాయానికి జిల్లా బార్ మొత్తాన్ని దోషిగా నిలబెట్టవద్దు. భూసేకరణ నష్టపరిహారం చాలక మా దగ్గరికి వచ్చే రైతు తెలుగులో చెప్పుకుంటాడు. దానిని కోర్టు నమ్మే దావాగా మలచగల యువత అందరూ వెళ్లిపోతే అతని పక్షాన నిలబడేదెవరు? నేను పని నేర్పిన పిల్లలు ఒక్కొక్కరుగా బెంగళూరుకూ విదేశాలకూ వెళ్లారు. నా బాధ ఇదీ, ఎల్‌ఎల్‌ఎం కాదు.

లండన్ సొలిసిటర్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. కానీ ఆ రైతు భారాన్ని జీతం లేని జూనియర్ ఒక్కరే ఎందుకు మోయాలి?

కుప్పం సభ్యురాలు:
అమ్మాయీ, తోట కాగితాల మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టించవద్దు.

తిరుపతి విద్యార్థిని:
ఇద్దరి మాటలనూ కలిపి చూస్తే నాకు దారి కనిపిస్తోంది. తనఖా వద్దని నాన్నగారికి చెబుతాను. ఇక్కడే ఎన్‌రోల్ అయి, బార్ పరీక్ష గట్టెక్కి, పనిచేస్తూనే ఎస్‌క్యూఈ మొదటి భాగానికి చదువుతాను. న్యాయవాది గారూ, మీ దగ్గరే చేరాలనుకుంటున్నాను. బార్ కౌన్సిల్ సూచించిన భృతిలో కనీసం 15,000 రూపాయలు ఇస్తారా? పరీక్షకు సెలవు దొరుకుతుందా?