జిల్లా మెడికల్ కాలేజీలో పరిశోధనకి కొంత డబ్బు వస్తోంది, ముందు దేనికి అడగాలి?

ఎస్పీఎం టీచర్

నమస్కారం అండీ. ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. రీసెర్చ్ కోసం మా కాలేజీకి కొంత నిధి వచ్చేలా ఉంది, ఎవరికి ఏం కావాలో రాసివ్వమన్నారు. అందరూ మెషీన్లే రాస్తున్నారు. మైనస్ ఎనభై ఫ్రీజర్, ఎలైజా రీడర్, పీసీఆర్. నాకేమో ముందు మనుషులు కావాలనిపిస్తోంది, కానీ మీటింగులో ఆ మాట గట్టిగా నిలబెట్టడానికి నా దగ్గర సరుకు చాలట్లేదు.

మా పరిస్థితి చెప్తాను. పొద్దున్నే ఓపీ కిటకిటలాడుతుంది, జిల్లాలో ఏ జబ్బు ఎక్కడ పెరుగుతోందో చెప్పగల సమాచారమంతా మా చేతుల మీదుగానే వెళ్ళిపోతోంది. రికార్డు రూములో కేస్ షీట్లు నెలవారీగా పురికొసతో కట్టి పైదాకా పేర్చి ఉంటాయి, అడుగు కట్టలకి చెదలు. ఈమధ్య ఒక పీజీ పాముకాటు మీద థీసిస్ కోసం ఆ కట్టలు విప్పితే, చాలా షీట్లలో డయాగ్నసిస్ దగ్గర 'బైట్' అని రాసి వదిలేశారు. పామో తేలో కుక్కో తెలీదు, కరిచిన ఎంతసేపటికి ఆస్పత్రికి చేరారో లేదు, యాంటీ వీనం (పాము విషానికి విరుగుడు మందు) ఎన్ని వయల్స్ ఎక్కించారో నర్సింగ్ షీటులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఊరి పేరు రాయాల్సిన చోట జిల్లా పేరుంది.

2016లో వచ్చిన ఒక అధ్యయనంలో దేశంలోని 579 మెడికల్ కాలేజీలు, సంస్థలు చూస్తే 332 చోట్ల, అంటే సుమారు 57 శాతం, 2005 నుంచి 2014 వరకు ఒక్క పేపరు కూడా రాలేదని తేలింది. ఆ లెక్క చూడగానే డాక్టర్లకి ఆసక్తి లేదని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. నైట్ డ్యూటీ చేసొచ్చి, చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ (ఎన్‌ఐఈ) వాళ్ళ రీసెర్చ్ మెథడ్స్ ఆన్‌లైన్ కోర్సు శ్రద్ధగా పూర్తిచేసిన పిల్లలు మా దగ్గరే ఉన్నారు. వాళ్ళు నేర్చుకున్నది వాడుకునే చోటే లేదు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళు, వేరే దేశాల్లో చూసినవాళ్ళు కూడా, దయచేసి చెప్పండి.

డేటా మేనేజర్

మేడం, మనుషులనే రాయండి, వెనక్కి తగ్గకండి. నేను ఇన్నాళ్ళూ ప్రాజెక్టు ఉద్యోగాల్లోనే ఉన్నాను. మూడేళ్ళ ప్రాజెక్టులో మనిషికి పని అబ్బడానికే ఏడాది పడుతుంది, చివరి ఆర్నెల్లూ వేరే ఉద్యోగం వెతుక్కోవడంతో సరిపోతుంది, వాళ్ళు వెళ్ళిపోయాక డేటా ఏ కంప్యూటర్‌లో ఉందో, ఏ కాలమ్‌కి ఏం అర్థమో చెప్పేవాళ్ళుండరు. మళ్ళీ కొత్త గ్రాంటు, మళ్ళీ మొదటికి.

మీటింగులో మత్లబ్ గురించి చెప్పండి. ఢాకాకి ఆగ్నేయంగా ఉండే పల్లె ప్రాంతం. కలరా పరిశోధన కోసం 1963లో అక్కడ ఫీల్డ్ స్టేషన్ పెట్టారు, 1966 నుంచి ఇంటింటా పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు, వలసలు రాసుకుంటూ వస్తున్నారు. తిరిగేది ఎక్కువగా ఆ ఊళ్ళ ఆడవాళ్ళే. ఏ ఇంట్లో ఎవరున్నారో అప్పటికే తెలుసు కాబట్టే 1985లో నోటి ద్వారా ఇచ్చే కలరా టీకాని అక్కడ అంత పెద్ద ఎత్తున పరీక్షించగలిగారు. డబ్బున్న దేశం చేసిన పని కాదది. ఆపకుండా చేశారు, అదే వాళ్ళ బలం.

మన దగ్గరా ఉంది ఉదాహరణ. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్ళలో గర్భిణులకి, చిన్న పిల్లలకి ఐసీడీఎస్ (అంగన్‌వాడీ) ఆహారం అందుతోంది, మిగతా ఊళ్ళకి ఇంకా రాలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ వెతికి పట్టుకుని బీపీ, షుగర్, ఎముకల బలం అన్నీ చూశారు. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అంటారు. పాత రిజిస్టర్లు ఎవరో జాగ్రత్త చేశారు కాబట్టే అది కుదిరింది.

మైక్రో ల్యాబ్

పై ఇద్దరికీ కొంచెం అడ్డు చెప్పాలి. మెషీన్లు అడగడాన్ని తక్కువ చేయకండి. 2020 డిసెంబరులో ఏలూరు గుర్తుందా? మూర్ఛలు, తలతిరుగుడు, ఆరొందల మందికి పైగా ఆస్పత్రిపాలయ్యారు. కారణం తెలియాలంటే నమూనాలు ఢిల్లీకీ హైదరాబాద్‌కీ వెళ్ళాల్సి వచ్చింది. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, వేరే సంస్థలు పురుగుమందుల వైపు చూపించాయి. ఆ రోజుల్లో అక్కడి అమ్మానాన్నలు పడ్డ టెన్షన్ తలుచుకుంటే, జిల్లాకి దగ్గర్లో మంచి ల్యాబ్ ఉండాలని ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

అదే ఏడాది కోవిడ్ పరీక్షలు మెడికల్ కాలేజీల్లో తొందరగా మొదలయ్యాయంటే, కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ (డీహెచ్‌ఆర్) అంతకుముందే వైరాలజీ ల్యాబుల నెట్‌వర్క్ ఒకటి పెట్టి ఉండటం పెద్ద కారణం. కాబట్టి ల్యాబ్ అడగండి, కానీ దాన్ని నడిపే టెక్నీషియన్ జీతం, రీఏజెంట్లు, ఏటా మెయింటెనెన్స్ అన్నీ కలిపి ఒకే పద్దుగా అడగండి. లేకపోతే మెషీన్ వచ్చినా నడిపేవాళ్ళుండరు, ప్యాకింగ్ కూడా విప్పని పెట్టెలు నేను చూశాను.

కవిటి నుంచి

మేడం, నేను డాక్టర్ని కాను. మా ఉద్దానంలో సర్వేలు చేసే టీములతో ఫీల్డులో తిరిగేవాణ్ణి. మీకు తెలిసిందే, కొబ్బరి, జీడి తోటల ఊళ్ళు, ఇంటికొకరు కిడ్నీ పేషెంటు ఉన్న వీధులు కూడా ఉన్నాయి. నీళ్ళు అన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, సంతోషమే.

కానీ ఒక సంగతి మీ కాగితంలో తప్పకుండా రాయండి. ఒక టీముతో ఒకింటికి వెళ్తే ఆ పెద్దావిడ చెయ్యి చాపలేదు. "పోయినసారి తీసుకెళ్ళిన రత్తంలో ఏటుందో ఎవులూ చెప్పలేదు బాబూ, మా పెద్దోడు మొన్న డయాలసిస్‌కి ఎక్కాడు" అంది. ఆ కొడుకు పేరు కూడా పాత జాబితాలో ఉంది. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూపే రక్త పరీక్ష) ఎక్కువని ఎక్కడో ఒక ఫైల్లో ఉండే ఉంటుంది, ఆ చీటీ ఇంటికి మాత్రం రాలేదు. రక్తం తీసిన ప్రతి మనిషికీ ఫలితం తెలుగులో రాసిచ్చి, తేడా ఉంటే ఏ ఆస్పత్రిలో ఎవర్ని కలవాలో చెప్పాలి. దానికయ్యే ఖర్చు మొదటే బడ్జెట్‌లో పెట్టాలి. పెట్టకపోతే ఆ పని ఎవరూ చెయ్యరు, తర్వాత వెళ్ళిన టీముకి తలుపు తియ్యరు.

హెల్త్ ఎకనామిక్స్ విద్యార్థి

కవిటి గారి మాటకి నూరు శాతం మద్దతు. నాది ఇంకో కోణం. పరిశోధన చేశాక దాన్ని అడిగేవాడు ప్రభుత్వంలో ఉండాలి. థాయ్‌లాండ్ 1992లోనే ఆరోగ్య వ్యవస్థల పరిశోధనకి చట్టం చేసి ఒక సంస్థ పెట్టింది, 2002లో అందరికీ వైద్యం పథకం తెచ్చింది, 2007లో హైటాప్ అనే సంస్థ వచ్చింది. ఒక కొత్త మందుని పథకంలో చేర్చాలా అన్నప్పుడు ఖర్చుకి తగ్గ మేలు ఉందా అని వీళ్ళు లెక్క తీస్తారు, ఆ లెక్క నిర్ణయం తీసుకునే బల్ల మీదకి చేరుతుంది. మనకి 2007 నుంచీ ఆరోగ్యశ్రీ ఉంది. పేషెంటు పేర్లు తీసేసి ఆ క్లెయిముల వివరాలు జిల్లా కాలేజీలకి ఇస్తే ఎన్ని ప్రశ్నలకి జవాబు దొరుకుతుందో ఆలోచించండి.

మీటింగులో వాడుకోవడానికి ఒకటి: ఆరోగ్య పరిశోధన మీద 1990లో ఒక అంతర్జాతీయ కమిషన్, వర్ధమాన దేశాలు తమ ఆరోగ్య ఖర్చులో కనీసం 2 శాతం పరిశోధనకి, ఆ సామర్థ్యం పెంచుకోవడానికి పెట్టాలని చెప్పింది.

ఎస్పీఎం టీచర్

అందరికీ చాలా థ్యాంక్స్. ఇలా రాసిస్తున్నాను: రికార్డు రూముకి ఇద్దరు పూర్తికాలం మనుషులు, ఒక స్టాటిస్టీషియన్, పాముకాటు కేసులకి ఒక పేజీ ఫారం, క్యాజువాల్టీలోనే నింపేలా. ల్యాబ్ వాళ్ళ అడుగుతో కలిపి టెక్నీషియన్ జీతం. ఫలితాలు ఇంటికి చేర్చడానికి విడిగా ఒక పద్దు. ఇంకో సందేహం, మా ఎథిక్స్ కమిటీ పీజీ థీసిస్‌లన్నీ ఒకే మధ్యాహ్నం చూసేస్తుంది. దానికేమైనా అడగొచ్చా?

డేటా మేనేజర్

తప్పకుండా అడగండి. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం ఆరోగ్య పరిశోధన చూసే ఎథిక్స్ కమిటీ డీహెచ్‌ఆర్ దగ్గర నమోదు కావాలి, ముందు మీది అయిందో లేదో చూసుకోండి. కమిటీకి ఒక సెక్రటరీని, ఫైళ్ళు నెలనెలా విడివిడిగా చూసేలా ఒక క్యాలెండర్ అడగండి. ఆ ఒక పేజీ పాముకాటు ఫారం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ఊరు, మండలం కాలమ్స్‌కి కోడ్లు నేను రాసిస్తాను.