ఐటీఐలో ముందు థియరీనా, ముందు పనా?

వరంగల్ ఎలక్ట్రీషియన్ ఇన్‌స్ట్రక్టర్:
మా స్టాఫ్ రూంలో ఏటా నడిచే గొడవ ఇది, మీ అందరి మాట కూడా విందామని ఇక్కడ పెడుతున్నా. కొత్త బ్యాచ్ రాగానే ముందు కొన్ని వారాలు ఓమ్ నియమం, నిర్వచనాలు నోట్స్ రాయించి, ఆ తర్వాతే పిల్లల్ని వర్క్‌షాప్‌లోకి తీసుకెళ్లాలని సీనియర్లు అంటారు. నేను ఒప్పుకోను. మన దగ్గరికి వచ్చేది పదో తరగతి పాసై ములుగు, మహబూబాబాద్ ఊళ్ల నుంచి, తండాల నుంచి వచ్చే పిల్లలు. వాళ్లలో చాలామంది బావి దగ్గర మోటార్ స్టార్టర్ నొక్కి పెరిగినవాళ్లే. అంత తెలిసినవాణ్ని గోడ వైపు కూర్చోబెట్టి డిక్టేషన్ చెప్తే రెండో వారానికే సగం మంది రావడం మానేస్తారు.

నేను డీఓఎల్ స్టార్టర్‌తో, అంటే మోటార్‌కు నేరుగా లైన్ సప్లై ఇచ్చే మామూలు స్టార్టర్‌తో మొదలుపెడతా. కనెక్షన్ ఒకసారి చేసి చూపిస్తా, వాళ్లతో చేయిస్తా. తర్వాత సప్లై తీసేసి, వాళ్లు చూడకుండా స్టార్టర్ లోపలి స్విచ్ అయిన కాంటాక్టర్‌లో, బటన్ మీద నుంచి వేలు తీసినా సప్లై పట్టి ఉంచే హోల్డింగ్ కాంటాక్ట్ మధ్య చిన్న కాగితం ముక్క పెడతా. ఇప్పుడు పచ్చ బటన్ నొక్కినంతసేపే మోటార్ తిరుగుతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. "ఎందుకాగింది?" అని అడిగి ఊరుకుంటా. ఆ పది నిమిషాల్లో వాళ్లలో వాళ్లు చేసే వాదన ఏ నోట్సులోనూ దొరకదు. ఆ తర్వాత బోర్డు మీద సర్క్యూట్ గీస్తే ప్రతి గీతా వాళ్లకు అర్థమవుతుంది.

రిటైర్డ్ ఏటీఓ (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్), హనుమకొండ:
తమ్ముడూ, నీ ఉత్సాహం బాగుంది కానీ మూడు మాటలు విను. కరెంటు పని ఇది, ఫిట్టర్ ట్రేడ్‌లో ఆకురాయి తప్పు పడితే జాబ్ పాడవుతుంది, ఇక్కడ తప్పు చేస్తే ప్రాణం పోతుంది. రెండోది, చేత్తో చేసినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. మోటార్‌ను ముందు స్టార్‌లో తక్కువ వోల్టేజీతో స్టార్ట్ చేసి తర్వాత డెల్టాలోకి మార్చే స్టార్ డెల్టా కనెక్షన్ కళ్లు మూసుకుని ఇచ్చే పిల్లల్ని చూశాను, స్టార్‌లో లైన్ కరెంటు మూడో వంతే ఎందుకు తీసుకుంటుందని అడిగితే నోరు పెగలదు. అది కూడా బట్టీయే, పుస్తకం బదులు వైర్లను బట్టీ పట్టారు. మూడోది, పరీక్ష కంప్యూటర్ మీద బిట్లతో ఉంటుంది, అందులో ఫెయిలైతే నీ కాగితం ముక్క వాడికి ఉద్యోగం ఇప్పిస్తుందా?

మోటార్ వైండింగ్ షాపు, నర్సంపేట:
సార్లిద్దరికీ నమస్తే. మా దగ్గరికి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చే పిల్లల గురించి చెప్తా. నియమాలు అడిగితే గడగడా చెప్తరు. రైతు వచ్చి "మోటార్ గుర్రుమంటుంది, తిరుగుతలేదు" అంటే, ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూడాలన్న ఆలోచన రాదు, నేరుగా మోటార్ విప్పుడు మొదలుపెడతరు. రోహిణి కార్తెలో ఒక్క ఫేజు పోయి కాలిన మోటార్లు వరసగా వస్తుంటే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిన మనిషి ఒక్కడు దొరికితే చాలనిపిస్తుంది. ఏది ముందు చెప్పాలో నాకు తెల్వదు గానీ, ఫాల్ట్ వెతకడం మాత్రం నేర్పి పంపండి.

సింగరేణి అప్రెంటిస్, భూపాలపల్లి:
నేను రెండేళ్ల కోర్సు ఈ మధ్యే అయిపోగొట్టిన. నోట్సు మొత్తం ఇంగ్లీషులో రాసుకున్నం, ఒక్క ముక్క అర్థం కాలేదు, అడగడానికి సిగ్గు. అర్థమైన క్లాసంటే ఒకే సార్‌ది. ఆయన పాఠం అయ్యాక పుస్తకం మూయించి, చూడకుండా సర్క్యూట్ గీయించేవాడు, తప్పుంటే పక్కోడితో దిద్దించేవాడు. అప్పుడు తిట్టుకున్నం గానీ ఇప్పుడు సైటు మీద గుర్తొచ్చేవి అవే.

వరంగల్ ఎలక్ట్రీషియన్ ఇన్‌స్ట్రక్టర్:
తమ్ముడు చెప్పిన దాని మీద పరిశోధన కూడా ఉంది. రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2006లో చూపించింది ఇదే. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, వారం తర్వాత చూస్తే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లే ముందున్నారు. పరీక్ష ముందు రోజు కాకుండా కోర్సు పొడుగునా బిట్లు పెడితే ఏటీఓ గారి మూడో మాటకూ అదే జవాబు. ఐటీఐల కోసం కేంద్రం నడిపే భారత్ స్కిల్స్ పోర్టల్‌లో క్వశ్చన్ బ్యాంకు ఉంది, వారానికి పది బిట్లు తీసి ఇస్తే చాలు.

సేఫ్టీ విషయంలో సార్ మాటే నాది. సప్లై ఇచ్చేది నేనొక్కణ్నే, ఎంసీబీ దింపి టెస్ట్ ల్యాంప్‌తో చూసుకోకుండా ఎవరి చేయీ ప్యానెల్‌లోకి పోదు. వాళ్లంతట వాళ్లే నేర్చుకోవాలని వదిలేయడం కూడా లేదు, ముందు నేను చేసి చూపిస్తా. ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణ కోర్సు సీఐటీఎస్‌లో మనందరికీ చెప్పిన నాలుగు మెట్లు ఉన్నాయి కదా, సిద్ధం చేయడం, చూపించడం, చేయించడం, పరీక్షించడం. మొదటి ప్రపంచ యుద్ధం నాడు అమెరికాలో ఓడలు కట్టే చోట కొత్త పనివాళ్లకు పని నేర్పడానికి చార్లెస్ అలెన్ వాడిన పద్ధతి అది. అందులో నోట్స్ రాయించడం అనే మెట్టు ఎక్కడుంది సార్?

స్టార్ డెల్టా లెక్క గురించి అడిగారు. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి ఒకసారి డెల్టాలో, ఒకసారి స్టార్‌లో స్టార్ట్ చేసి ముల్లు ఎంత ఎగిరిందో చూపించండి. ఆ తేడా చూసిన పిల్లాడే "ఎందుకు సార్?" అని అడుగుతాడు, అప్పుడు స్టార్‌లో ఒక్కో వైండింగ్‌కు అందేది 415 వోల్టులు రూట్ మూడుతో భాగిస్తే వచ్చే 240 మాత్రమే అని చెప్తే వింటాడు.

రిటైర్డ్ ఏటీఓ, హనుమకొండ:
ముల్లు సంగతి ఒప్పుకుంటా, అది మంచి పాఠమే. కానీ యూనిట్‌కు ఇరవై మంది, పనిచేసే ప్యానెల్ బోర్డులు రెండో మూడో. ఐదుగురు చేస్తుంటే మిగతావాళ్లు ఫోన్లు చూస్తుంటారు. నోట్స్ రాయించే ఇన్‌స్ట్రక్టర్లందరూ బద్ధకస్తులు కాదు, సామాను లేక రాయిస్తున్నారు. దానికేం చేస్తావు?

వరంగల్ ఎలక్ట్రీషియన్ ఇన్‌స్ట్రక్టర్:
నిజమే సార్, అసలు కష్టం అక్కడే ఉంది. నేను నలుగురికో బోర్డు చొప్పున చేస్తున్నా. ఒకడు కనెక్షన్ ఇస్తాడు, ఒకడు డ్రాయింగ్ చూసి చెప్తాడు, ఒకడు తప్పు పడతాడు, ఒకడు రాస్తాడు, గంటకోసారి మార్పు. కానీ దానికీ ఐదు బోర్డులు కావాలి, మాకు అన్ని లేవు.

మోటార్ వైండింగ్ షాపు, నర్సంపేట:
సార్, కాయిల్ పోయినవి, కాంటాక్టులు మాడినవి స్టార్టర్లు మా షెడ్డు వెనక గుట్ట పడి ఉన్నయి. తుక్కుకు వేసేకంటే మీ పిల్లలకు పనికొస్తయి. ఒక ఆదివారం ఆటో తీసుకుని రండి.