మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు పేరు, గుర్తు కావాలి. మాడిసన్ క్లబ్బు గురించి తెలిసినవారు చెప్పగలరా?

కావలి కోచ్:

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా కావలిలో పొద్దున పూట పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. బతుకుతెరువుకు వేరే ఉద్యోగం ఉంది. ఐదున్నరకు మైదానం, ఎనిమిదికి ఇల్లు, తర్వాత ఆఫీసు. ప్రస్తుతం ముప్ఫై నాలుగు మంది వస్తున్నారు, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు. ఇన్నాళ్లూ మాకు పేరంటూ లేదు. టోర్నమెంటు కాగితాల మీద "కావలి జట్టు" అని రాసేవారు, అంతే. ఈ ఏడాది క్లబ్బుగా రిజిస్టరు చేయించాలని పెద్దలు నలుగురు ముందుకు వచ్చారు. వారిలో ముగ్గురికి "కావలి యునైటెడ్" అన్న పేరు నచ్చింది. ఎర్ర జెర్సీ, దాని మీద సింహం.

నాకు మనసొప్పడం లేదు. కారణం చెబుతాను. కిందటి ఏడాది నెల్లూరులో ఒక టోర్నమెంటుకు వెళ్లాం. ఇంగ్లండులోని ఒక పెద్ద క్లబ్బు జెర్సీని పోలిన ఎర్ర చొక్కాలు కుట్టించుకుని వెళ్లాం. తీరా చూస్తే అక్కడ మరో రెండు జట్లు అవే చొక్కాలతో దిగాయి. మా పిల్లలు జెర్సీల పైన తెల్ల బనియన్లు తొడుక్కుని ఆడారు. నంబర్లు కనబడక రెఫరీ ఒకరికి చూపాల్సిన పసుపు కార్డు మరొకరికి చూపించారు. ఆట ఓడిపోయాం, అందుకు బాధ లేదు. తిరుగు రైలులో పన్నెండేళ్ల పిల్లవాడు "సార్, మన చొక్కా మనది కాదా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అక్క కూతురు అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు ఒక గులాబీ రంగు స్కార్ఫు తెచ్చింది. ఫార్వర్డ్ మాడిసన్ అనే క్లబ్బుదట. మూడో అంచె లీగులో ఆడుతుందట. "మామయ్యా, వాళ్ల గుర్తు ప్లాస్టిక్ ఫ్లెమింగో. అయినా సంతలో, బస్సులో ఎక్కడ చూసినా ఆ టోపీలే" అంది. అంతకంటే వివరాలు తనకు తెలియవు. ఒక ప్లాస్టిక్ పక్షి ఊరందరిదీ ఎలా అయింది? మనలాంటి చోట, క్రికెట్ తప్ప మరొకటి పట్టని చోట, అలాంటిది కుదురుతుందా?

మాడిసన్‌లో ఒంగోలు అబ్బాయి:

కోచ్ గారూ, ఆ స్కార్ఫు నా దగ్గరా ఉంది. క్లబ్బు ఆడిన మొదటి సీజను, అంటే 2019 నుంచి, వీలైనప్పుడల్లా మైదానానికి వెళ్తున్నాను.

క్లబ్బు పుట్టింది 2018లో. పక్షి మాత్రం దానికంటే చాలా పాతది. 1979 సెప్టెంబరులో ఇక్కడి విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలైన రోజు పొద్దున విద్యార్థులు వచ్చి చూస్తే, బాస్కమ్ హిల్ అనే పచ్చిక గుట్ట నిండా 1,008 ప్లాస్టిక్ ఫ్లెమింగోలు నిలబడి ఉన్నాయి. విద్యార్థి సంఘం ఎన్నికల్లో గెలిచిన పెయిల్ అండ్ షవల్ పార్టీ అనే కొంటె బృందం చేసిన పని అది. ఇళ్ల ముందు పచ్చికలో గుచ్చుకునే ఆ బొమ్మను డాన్ ఫెదర్‌స్టోన్ 1957లో రూపొందించాడు. చాలా చవక వస్తువు. కానీ ఆ ఉదయాన్ని ఊరు మరచిపోలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2009లో, నగర మండలి ప్లాస్టిక్ ఫ్లెమింగోనే ఊరి అధికారిక పక్షిగా తీర్మానించింది. ఇక్కడి చలికి ప్రాణమున్న ఫ్లెమింగో ఎటూ రాదు!

క్లబ్బువాళ్లు కొత్తగా ఏమీ కల్పించలేదు, అప్పటికే ఊరి నోట్లో నానుతున్నదాన్ని చొక్కా మీదికి తెచ్చారు. నాకు వాళ్లలో నచ్చింది అదే. పేరు సంగతీ అంతే. "ఫార్వర్డ్", అంటే "ముందుకు", 1851 నుంచి విస్కాన్సిన్ రాష్ట్ర నినాదం. ఆ ఒక్క మాటే మొత్తం నినాదం. ఎవరికీ ఏదీ విడమరచి చెప్పే అవసరం రాలేదు.

మైదానం గురించి కూడా చెప్పాలి. మెండోటా, మొనోనా అనే రెండు చెరువుల మధ్య సన్నటి నేల మీద ఊరి నడిబొడ్డు ఉంది. 1926 నాటి బ్రీస్ స్టీవెన్స్ ఫీల్డ్ ఆ నేల మీదే, రాష్ట్ర శాసనసభ భవనం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. చుట్టూ రాతి ప్రహరీ. పట్టేది దాదాపు ఐదు వేల మంది. మొదటి ఏడాది ఆటకు సగటున నాలుగు వేల మందికి పైగా వచ్చారు, ఆ లీగులో అందరికంటే ఎక్కువ. నేను వెళ్లిన మొదటి రోజున పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఫుట్‌బాల్ నియమాలు ఆవిడకు పెద్దగా తెలియవు. చిన్నప్పుడు నాన్నతో కలిసి ఇదే గోడల మధ్య చిన్న కార్ల పందేలు చూశానని, మళ్లీ లోపలికి రావడానికి ఒక కారణం దొరికిందని చెప్పారు. అప్పుడు నాకు ఒంగోలులో మా తాత, ఎడ్ల పందేలు జరిగే చోట ముందు వరుస కోసం తెల్లవారకముందే తువ్వాలు పరిచి కూర్చునేవాడు, ఆయన గుర్తొచ్చాడు.

మరొక మాట. అమెరికాలో కింది అంచె క్లబ్బు ఎన్ని గెలిచినా అన్నిటికంటే పై అంచె అయిన మేజర్ లీగ్ సాకర్‌లోకి ఎక్కే మెట్టు లేదు. ఆ లీగులో చోటు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. పైకి వెళ్తామన్న ఆశ చూపించి జనాన్ని రప్పించలేరు. కాబట్టి చిన్న క్లబ్బుకు ఊరే ఆధారం.

కందుకూరు మాస్టారు:

కోచ్ గారూ, మీ శ్రమకు దండం పెడతాను. కానీ ముప్ఫై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసినవాడిగా ఒకటి చెబుతాను. పిల్లలకు మెస్సీ చొక్కా కావాలి, ఊరి చొక్కా కాదు. ముందు బంతులు, వలలు, మైదానానికి కంచె చూడండి. గుర్తు గురించి ఆలోచించడానికి చాలా సమయం ఉంది.

డెట్రాయిట్ దగ్గర ఉంటాను:

మాస్టారూ, కంచె ముఖ్యమన్నారు. సరిగ్గా ఆ కంచె విషయంలోనే చొక్కా పనికొచ్చిన ఊరు నాకు తెలుసు.

మా దగ్గర డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సీ ఉంది. 2012లో మొదలుపెట్టింది ఐదుగురు స్నేహితులు. నాలుగో అంచె లీగు, ఆడేది ఒక హైస్కూలు మైదానంలో. వచ్చే జనానికి ఆ మైదానం చాలకుండా పోయింది. పక్కనే హామ్‌ట్రామిక్ అనే చిన్న ఊరు ఉంది. దాని చుట్టూ దాదాపు అంతా డెట్రాయిటే. పూర్వం పోలండు నుంచి వచ్చినవారు ఉండేవారు, ఇప్పుడు యెమెన్, బంగ్లాదేశ్ కుటుంబాలు ఎక్కువ. అక్కడ 1936లో, మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పనులు కల్పించడానికి కట్టించిన కీవర్త్ స్టేడియం శిథిలమవుతూ ఉంది. దాన్ని బాగుచేసుకోవడానికి క్లబ్బు బ్యాంకుకు బదులు తన ప్రేక్షకుల దగ్గరికి వెళ్లింది. 527 మంది కలిసి దాదాపు 7 లక్షల 41 వేల డాలర్లు పెట్టారు. అది విరాళం కాదు, రాబడి నుంచి తిరిగి చెల్లిస్తామని ఒప్పందం రాసి తీసుకున్న డబ్బు. 2016 నుంచి ఆటలు అక్కడే.

ఆ 527 మంది దేన్ని చూసి ఇచ్చారు? ఆ చొక్కా రంగు ముదురు ఎరుపు. జట్టును "లె రూజ్" అని పిలుస్తారు, ఫ్రెంచిలో "ఎరుపు" అని. ఊరి పక్కన కార్ల కర్మాగారాల మధ్య పారే రూజ్ నదిని తలపించే మాట. చిహ్నం మీద నగర మధ్యలో ఉండే "స్పిరిట్ ఆఫ్ డెట్రాయిట్" విగ్రహం. కర్మాగారాలు మూతబడి, నగరమే దివాలా ప్రకటించిన రోజుల్లో (అది 2013) ఆ చొక్కా వేసుకోవడమంటే "మేమింకా ఇక్కడే ఉన్నాం" అని చెప్పడం. 2022లో, అన్ని అంచెల క్లబ్బులూ పోటీపడే ఓపెన్ కప్‌లో, మేజర్ లీగ్ జట్టయిన కొలంబస్ క్రూను ఈ మైదానంలోనే 2-1తో ఓడించారు. ఆ రాత్రి ఎరుపు పొగలో నాకు ఎదుటి గోలు కనబడలేదు. పక్కనున్న బంగ్లాదేశ్ ముసలాయన నా భుజం పట్టుకుని ఏడ్చాడు. ఆయన పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

పులికాట్ ఒడ్డు:

మాది సూళ్లూరుపేట. 2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ ఇప్పటికీ ఎవరైనా అడిగితే నెల్లూరు అనే నోరు తిరుగుతుంది.

కోచ్ గారూ, మాడిసన్ కథ చదివి ముచ్చటపడి ఫ్లెమింగోను మాత్రం పెట్టుకోకండి. అది కోపంతో అంటున్న మాట కాదు. శ్రీహరికోట రోడ్డులో వెళ్తుంటే చలికాలంలో చెరువు మీద గులాబీ గీత గీసినట్టు కనబడే పక్షులు అవి. మా పిల్లలు వాటిని చూస్తూ బడికి వెళ్తారు. పక్కనే నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెడతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి పారితే పంట బాగుంటుందని అక్కడి రైతులు వాటిని తరమరు, కాపాడతారు. మాకు అవి ఇంటివాళ్లతో సమానం. మీ ఊరివాళ్లకు అలా అనిపించేది వేరే ఉంటుంది. దాన్ని వెతకండి.

కావలి కోచ్:

అందరికీ కృతజ్ఞతలు. పులికాట్ ఒడ్డు గారూ, నిజం చెబుతున్నాను, మనసులో ఫ్లెమింగోనే అనుకున్నాను. మానుకుంటున్నాను.

కానీ మాకేముంది? ఒంగోలు వారికి గిత్త ఉంది. బ్రెజిల్ వెళ్లి అక్కడ "నెలోరె" అన్న పేరుతో దేశమంతా నిండిపోయిన జాతి. 2002 జాతీయ క్రీడల చిహ్నం కూడా అదే. నెల్లూరుకు పెన్న ఉంది. మేము ఆ రెండు ఊళ్ల నడుమ రైలు ఆగే చోటు. బయటివాళ్లకు ఊరు చెప్పాలంటే "నెల్లూరు దగ్గర" అంటాం.

మాడిసన్‌లో ఒంగోలు అబ్బాయి:

కోచ్ గారూ, మీ ఊరి పేరు ఒకసారి ఊరు అని మరచిపోయి, మాటగా చదవండి. కావలి. ఉదయగిరి రాజుల కాలంలో అక్కడ కాపలా దళం ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని మా అమ్మమ్మ చెప్పేది. ఆవిడ పుట్టిల్లు మీ దగ్గరే. చేను కావలి, తోట కావలి. గోలు దగ్గర నిలబడేవారు చేసే పని ఏమిటి మరి?

కందుకూరు మాస్టారు:

ఇది బాగుంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. "యునైటెడ్" వద్దు, ఉత్త "కావలి" చాలు. వలలకు నా వంతు ఐదు వేలు పంపుతాను, కోచ్ గారు నంబరు విడిగా ఇవ్వండి.

కావలి కోచ్:

ఆదివారం పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా గోల్‌కీపర్‌కు పద్నాలుగేళ్లు, వాళ్ల నాన్న మినుము, వేరుశనగ వేస్తాడు. ఆ అమ్మాయి లేచి "సార్, సింహం ఎందుకు? మంచె పెడదాం. పందులు రాకుండా నేను, మా నాన్న రాత్రిళ్లు మంచె మీదే ఉంటాం" అంది. రైలులో నన్ను ప్రశ్న అడిగిన పిల్లవాడు వెంటనే మట్టిలో పుల్లతో గీయడం మొదలుపెట్టాడు. యునైటెడ్ కావాలన్న ముగ్గురు పెద్దలలో ఇద్దరు అక్కడే ఒప్పుకున్నారు. మూడో ఆయన ఆలోచించి చెబుతానన్నారు, ఆయన ఇంటికి మళ్లీ వెళ్తాను.

రంగు ఇంకా తేలలేదు. ఎరుపు మాత్రం కాదు.

ఇక్కడ బొమ్మలు గీసేవారు ఎవరైనా ఉంటే సాయం కావాలి. మంచెకు నాలుగు కాళ్లు, పైన తాటాకు కప్పు, పక్కన నిచ్చెన ఉండాలి. నిచ్చెన లేకపోతే ఒప్పుకోనని గోల్‌కీపర్ చెప్పింది. పైకి ఎక్కేదెలా అని అడుగుతోంది.