హల్ రేవు: ట్రాలర్ల నుంచి గాలిమర రెక్కల దాకా

తీరగాలి: ఇంగ్లండ్‌లో హంబర్ ఒడ్డున ఉన్న హల్‌లో 1976తో దూరపు చేపల వేట దాదాపు ఆగిపోయింది. 2016లో అలెగ్జాండ్రా డాక్‌లో సీమెన్స్ గాలిమర రెక్కల ఫ్యాక్టరీ వచ్చింది. వేట పోయినవాళ్లకే ఈ పని దక్కిందా? రెక్కలకు రేవే ఎందుకు?

లంగరు: నేరుగా దక్కలేదు, మధ్యలో 40 ఏళ్లున్నాయి. ఐస్‌లాండ్ తన చేపల హద్దును 1958లో 12 మైళ్లకు, 1972లో 50కి, 1975లో 200కి జరుపుకుంటూ పోయింది. హల్ ఓడలు వెళ్లే, కాడ్ చేప దొరికే ఆ నీళ్లే చేజారాక ఓడ ఎంత మంచిదైనా దండగే. ట్రాలర్లు, అంటే వల ఈడ్చే వేట ఓడలు, ఆగే సెయింట్ ఆండ్రూస్ డాక్ 1975లోనే మూతపడింది.

అసలు అన్యాయం కాగితాల్లో జరిగింది. ట్రాలర్ పనివాళ్లను తాత్కాలిక కూలీలుగా లెక్కకట్టారు. ట్రిప్పు ట్రిప్పుకీ కొత్త ఒప్పందం కాబట్టి, ఏళ్ల తరబడి వేటకెళ్లినా ఉద్యోగం పోయినప్పుడు రావాల్సిన పరిహారం రాలేదు. 2000లో ప్రభుత్వం ఏడాది సర్వీసుకు 1,000 పౌండ్లు, గరిష్ఠంగా 20,000 చొప్పున పథకం తెచ్చేసరికి చాలామంది బతికిలేరు.

రెసిన్‌పని: రెండో ప్రశ్నకు నేను చెబుతాను. ఆ ఫ్యాక్టరీలో మొదట చేసిన రెక్క పొడవు 75 మీటర్లు, తర్వాత 81, విస్తరణ తర్వాత 108. అంత పొడవున్నది రోడ్డు మలుపు తిరగదు, అందుకే అచ్చులోంచి తీసి ఓడ దగ్గరే ఉంచాలి.

సీమెన్స్ పద్ధతిలో రెండు సగాలు పోసి జిగురుతో అతికించరు. కింది అచ్చులో పొడి గాజుపీచు బట్ట, బాల్సా చెక్క పొరలు పొరలుగా పరిచి, మధ్యలో లోపలి అచ్చు పెట్టి, పైన మరిన్ని పొరలు వేసి, పై అచ్చు మూస్తారు. గాలి లాగేసి, ఎపాక్సీ రెసిన్ అనే గట్టిపడే ద్రవాన్ని లోపలికి పారించి, వేడితో గట్టిపరుస్తారు. గాలి చొరబడే సందు చిన్నదున్నా రెసిన్ అందని పొడి మచ్చ మిగులుతుంది. పరిచేటప్పుడు బట్టలో ముడత పడిందా, పీచు వంకరపోయి బరువు మోసే బలం తగ్గుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ముడత రెసిన్ పోసాక సరిచేయలేం, కాబట్టి చూడాల్సింది పరిచేటప్పుడే. యంత్రాలకన్నా చేతిపనే ఎక్కువ, నిజం చెప్పాలంటే.

తీరగాలి: అయితే వల, వల లాగే వించి తెలిసిన చేతులకు ఇది దగ్గరి పనే కదా?

లంగరు: చేతులు ముసలివైపోయాయండీ. నైపుణ్యం కాదు, మిగిలింది ఒడ్డు: లోతున్న నీళ్లు, ఎదురుగా ఉత్తర సముద్రంలో హార్న్‌సీ లాంటి గాలి క్షేత్రాలు. చేపల ప్రాసెసింగ్ మాత్రం ఎక్కువగా అవతలి ఒడ్డున గ్రిమ్స్‌బీలో ఉంది, అదీ ఐస్‌లాండ్, నార్వేల నుంచి దిగుమతయ్యే చేపతో.