పోర్టికో స్తంభాలు కరెంటు స్తంభాల్లా ఉన్నాయి, ఏం చెయ్యాలి?

తణుకు_పంతులు:

అందరికీ నమస్కారం. తణుకు పక్క పల్లెలో ఇల్లు కడుతున్నాను. స్కూల్లో లెక్కలు చెబుతాను కానీ ఇంటి లెక్క నాకు అంతుపట్టడం లేదు. పోర్టికో ముందు రెండు స్తంభాలు ఉన్నాయి. లోపలి కాంక్రీటు 9 అంగుళాల చదరం. ఫ్లోరు నుంచి బీము అడుగు దాకా సరిగ్గా 12 అడుగులు. రెండింటి మధ్య 14 అడుగులు, కారు రావాలి కదా. మా ఆవిడకి గుండ్రటి స్తంభాలు కావాలి, పాత జమీందార్ల మేడల్లో లాగ. మేస్త్రి ఒకదాన్ని 14 అంగుళాల లావున గుండ్రంగా చేసి, పైన 22 అంగుళాల పువ్వుల తల పెట్టి చూపించాడు. అది కరెంటు స్తంభానికి కిరీటం పెట్టినట్టుంది. తల అంత వెడల్పుగా ఉంది, దాని మీద బీము వెడల్పు మాత్రం 9 అంగుళాలే. తల రెండు పక్కలా ఖాళీగా, అన్నం వడ్డించని విస్తరిలా కనిపిస్తోంది.

రెండోది హాలు సంగతి. ఎత్తు 10 అడుగులు. పీఓపీ అబ్బాయి గోడ పైన చుట్టూ 10 అంగుళాల పువ్వుల కార్నిస్, గోడ మధ్యలో 3 అడుగుల ఎత్తున ఒక పట్టీ, కింద 4 అంగుళాల టైలు స్కర్టింగ్ అంటున్నాడు. దేనికి ఎంత ఉండాలో లెక్కంటూ ఉంటుందా? లేక ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకోవడమేనా?

ఎలివేషన్_రాజు:

మాస్టారూ, ఇంత టెన్షన్ ఎందుకండీ? రెడీమేడ్ ఫైబర్ డొప్పలు దొరుకుతున్నాయి. రెండు సగాలు తెచ్చి తొడిగించి పెయింటు కొట్టించండి. రెండు రోజుల పని.

పాత_డ్రాఫ్ట్స్‌మన్:

రాజు గారూ, డొప్ప తొడిగినా ఎంత లావుది తొడగాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది కదండీ.

మాస్టారూ, లెక్క ఉంది. నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు ప్లాన్లు గీశాను. ఇటలీలో విన్యోలా అనే ఆయన 1562లో స్తంభాల కొలతల పుస్తకం వేశాడు. అందులో అడుగులూ గజాలూ ఉండవు. స్తంభం అడుగున ఎంత లావుందో అందులో సగాన్ని ఒక కొలతగా తీసుకుని, మిగతావన్నీ దాంతోనే చెప్పాడు. అందుకే ఏ ఊరి మేస్త్రికైనా పనికొచ్చింది. ఆ స్తంభాల్లో రకాలున్నాయి, అన్నిటికంటే సాదాది టస్కన్, పువ్వుల తలది కొరింథియన్. ఎత్తు లావుకి టస్కన్‌లో 7 రెట్లు, డోరిక్‌లో 8, అయోనిక్‌లో 9, కొరింథియన్‌లో 10.

మీ ఎత్తు 144 అంగుళాలు. 14తో భాగిస్తే పదికి కాస్త పైనే వస్తుంది. అంటే మీ మేస్త్రి కొరింథియన్ సన్నదనం తెచ్చాడు. హైదరాబాద్‌లో కోఠి ఉమెన్స్ కాలేజీ (ఇప్పుడది మహిళా యూనివర్సిటీ) ముందు ఆరు కొరింథియన్ స్తంభాలున్నాయి, ఎప్పుడైనా వెళ్ళి చూడండి. కిర్క్‌ప్యాట్రిక్ దొర 1803లో మొదలుపెట్టించిన రెసిడెన్సీ అది. ఆ ఎత్తుకీ, ఆ మెట్లకీ ఆ సన్నదనం నప్పింది. మన పన్నెండడుగుల పోర్టికోకి నప్పదు, పైగా మీది పైనుంచి కింద దాకా ఒకే లావు.

మీకు టస్కన్ వేసుకోండి. 144ని 7తో భాగిస్తే అడుగున ఇరవైన్నర అంగుళాలు. భయపడకండి, కట్టాక అంత లావు అనిపించదు. పైకి వెళ్ళేసరికి ఆరింట ఐదు వంతులకి, అంటే 17 అంగుళాలకి తగ్గాలి. మీ కాంక్రీటు మూల నుంచి మూలకి పన్నెండు ముప్పావు కాబట్టి పైన కూడా మూలల మీద రెండంగుళాల పూత మిగులుతుంది. ఇటుక ముక్కలు పేర్చి, మెష్ చుట్టి, ఆ తర్వాతే పూయించండి. ఉత్త సిమెంటుతో అంత మందం పూస్తే పగుళ్ళే. (9 అంగుళాల చదరం బలం సంగతి మీ ఇంజనీరు చూసుకున్నాడనుకుంటాను. నేను చెప్పేది రూపం గురించే.)

తగ్గించడంలో ఒక కిటుకుంది. నేల నుంచే తగ్గించుకుంటూ పోకూడదు. అడుగున మూడో వంతు నిటారుగా ఉంచి, అక్కణ్ణుంచి సన్నటి వంపుతో తగ్గించాలి. 1996లో మా బావమరిది ఇంటికి నేను అడుగు నుంచే తగ్గించేశాను. గృహప్రవేశానికి వచ్చిన వాళ్ళలో ఎవరో 'ముల్లంగి దుంపలు తలకిందులుగా పాతినట్టున్నాయి' అన్నారు. ఇప్పటికీ వాళ్ళ ఇంటిని ముల్లంగి మేడ అనే అంటారు. మీరు ఆ వంపును ప్లైవుడ్ ముక్కలో కోయించి మేస్త్రి చేతికివ్వండి. దాన్ని తూకం గుండు పట్టి చుట్టూ తిప్పుకుంటూ పూతను సరిచేసుకుంటాడు. అడుగు దిమ్మ 28 అంగుళాల చదరం. దిమ్మ, దాని మీద చుట్టు కలిపి పదింబావు ఎత్తు, పైన తల కూడా పదింబావే. పువ్వులు వద్దు, టస్కన్‌కి ఉండవు.

ఇక అసలు తప్పు బీము. స్తంభం మెడ లావూ, దాని మీద దూలం వెడల్పూ ఒకే గీతలో ఉండాలి. మన ఊళ్ళలో నూటికి తొంభై ఇళ్ళలో పాడయ్యేది ఇక్కడే. మీ మెడ 17, బీము 9. రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు పెంచాలి. ఇటుక అతికించకండి, ఊడుతుంది. ఐరన్ ఫ్రేము బిగించి సిమెంట్ బోర్డు వేయించండి. స్తంభం మీద వచ్చే ఈ భాగమంతా కలిపి స్తంభం ఎత్తులో నాలుగో వంతు, అంటే 36 అంగుళాల ఎత్తు ఉండాలి. బీము, దాని మీద పిట్టగోడలో కొంత కలిపితే అది వచ్చేస్తుంది. కింద పదింబావు దూలం పట్టీ, దాని మీద 12 అంగుళాల సాదా గోడ, ఆ పైన దాదాపు 14 అంగుళాల కార్నిస్. కార్నిస్‌ని ఇటుకలతో వేలాడదీయకుండా ఇంజనీరుకి చూపించి కాంక్రీటు పట్టీ పోయించండి. కింది అంచున అరంగుళం గాడి తీయించండి, లేకపోతే వానాకాలంలో నీళ్ళు స్తంభం మీదుగా కారి నల్లచారలు పడతాయి.

తణుకు_పంతులు:

సార్, దణ్ణం. నోట్సు రాసుకున్నాను. ఒక్క అనుమానం. మధ్యలో 14 అడుగుల ఖాళీ మరీ ఎక్కువ కాదా?

పాత_డ్రాఫ్ట్స్‌మన్:

ఎక్కువే. రాతి దూలాలు అంత దూరం ఆగవు కాబట్టి పాతవాళ్ళు దగ్గర దగ్గరగా పెట్టేవాళ్ళు. కానీ టస్కన్‌కి చెక్క దూలం వేసే అలవాటు ఉండేది కాబట్టి దానికి కొంత వెసులుబాటుంది. పల్లెటూరి ఇళ్ళలో బళ్ళు లోపలికి రావడానికి ఇది వీలని ఇటలీ ఆర్కిటెక్టు పల్లాడియో తన 1570 నాటి పుస్తకంలో రాశాడు. ఆయన బండికి ఇచ్చిన సందు లావుకి నాలుగు రెట్లు, మీ కారుకి కావలసింది ఎనిమిది. అంత దూరంలో రెండే స్తంభాలంటే అవి ఒకదానికొకటి పరాయివాటిలా నిలబడతాయి. చోటుంటే ఒక్కోవైపు జంట స్తంభాలు వేయించండి.

టెక్సాస్_కోడలు:

హాలు సంగతి నేను చెప్తాను, చేతులు కాల్చుకున్నదాన్ని. మేము ఇక్కడ డల్లాస్ పక్కన కొత్త ఇల్లు కొన్నాం. బిల్డరు వేసిన స్కర్టింగ్ మూడుంబావు అంగుళాలు, తలుపుల చుట్టూ పట్టీలు రెండుంబావు. తొమ్మిదడుగుల గోడకి అవి పెద్దమనిషికి పిల్లాడి బెల్టు పెట్టినట్టున్నాయి. ఇక్కడ పనివాళ్ళ కూలీ వింటే గుండె ఆగుతుంది కాబట్టి నేనూ మా ఆయనా వీకెండ్స్‌లో సొంతంగా మొదలెట్టాం. డైనింగ్ రూములో గోడ మధ్య పట్టీని అందరిలాగే 36 అంగుళాల ఎత్తున కొట్టేశాం. కొట్టాక చూస్తే గది నడుం పట్టేసినట్టయింది.

తర్వాత తెలిసింది. గోడని మొత్తం 19 భాగాలు చేసుకుంటే కింద 4 స్తంభాన్ని నిలబెట్టే ఎత్తు దిమ్మకి, 12 స్తంభానికి, పైన 3 దూలం కార్నిస్‌లకి. ఇదీ పైన సార్ చెప్పిన విన్యోలా లెక్కే. గోడలో స్తంభం లేకపోయినా ఉన్నట్టు ఊహించుకోవాలన్నమాట. స్కర్టింగ్ దిమ్మకి పాదం, మధ్య పట్టీ దిమ్మకి తల. మీ 120 అంగుళాల గోడకి ఒక్కో భాగం ఆరుంబావు. మధ్య పట్టీ 25 అంగుళాల దగ్గర రావాలి, మూడడుగుల దగ్గర కాదు. పైన మూడు భాగాలంటే 19 అంగుళాలు, అందులో కార్నిస్ వాటా ఏడు. కాబట్టి ఆ అబ్బాయి పది తగ్గించి ఏడు చెయ్యాలి, స్కర్టింగ్ నాలుగు పెంచి ఆరు చెయ్యాలి.

లెక్క ప్రకారమైతే నాకు 23 రావాలి, కానీ కుర్చీ వీపు గోడకి కొట్టుకుంటుందని 28 దగ్గర పెట్టాను. అన్నట్టు, కొట్టే ముందు గోడకి టేపు అంటించి రెండ్రోజులు చూసుకోండి. మేము ఆ పని చేసుంటే గోడకి పదహారు మేకు రంధ్రాలు మిగిలేవి కావు.

పాత_డ్రాఫ్ట్స్‌మన్:

బాగా చెప్పావమ్మా. ఇంకోటి. మాస్టారి ప్రధాన ద్వారం మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తే అయ్యుంటుంది, మన దగ్గర అదే వాడుక. ఒకటికి రెండు, ఇటలీవాళ్ళూ దాదాపు అదే వాడారు. మనం తప్పేది ద్వారబంధం దగ్గర. టేకు బంధం ముందుకి కనిపించేది మూడంగుళాలు. ఆ బంధం వెడల్పు తలుపు సందు వెడల్పులో ఆరో వంతుకి తగ్గకుండా, ఐదో వంతుకి మించకుండా ఉండాలన్నాడు పల్లాడియో. మీకు ఏడు కావాలి. మిగిలిన నాలుగంగుళాలకి చుట్టూ టేకు పట్టీ కొట్టించండి. పాత మండువా ఇళ్ళ గుమ్మాలు ఎంత వెడల్పుగా ఉంటాయో గుర్తు తెచ్చుకోండి.

తణుకు_పంతులు:

అందరికీ థాంక్స్. నిన్న ఆదివారం పిల్లలతో కలిసి ఫ్రిజ్ అట్టపెట్టెలు కోసి, ఇరవైన్నర అంగుళాల గుండ్రటి గొట్టం చేసి, రెండో స్తంభానికి తొడిగాం. పైకి 17కి తగ్గించాం. రోడ్డు అవతల కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి చూస్తే మేస్త్రి చేసినది అగరుబత్తిలా, మా అట్టముక్కది స్తంభంలా ఉంది. మేస్త్రి కాసేపు తల గోక్కుని, 'దీనికి ఇటుక ఎక్కువ పడుతుందండీ' అన్నాడు. లెక్క వేస్తే రెండింటికీ కలిపి నాలుగొందల ఇటుకల లోపే. జంట స్తంభాలకి మాత్రం చోటు లేదు, పక్కింటి గోడ అడ్డం. 14 అడుగులూ అలాగే ఉంచేస్తున్నాను.

హాల్లో టేపు అంటించాను. 25 దగ్గర మా అమ్మగారికి మరీ కిందకి అనిపించింది, 28 దగ్గర సరే అన్నారు. పువ్వుల తల తీసేద్దామంటే మాత్రం మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.